కప్పగల్లు కొండ – కాలువ చేప

కప్పగల్లు అన్న పేరు వినగానే మన తెలుగువారికి నవ్వు వస్తుంది. కప్ప ఏమిటి, కల్లు ఏమిటి, రెండింటికీ పొత్తు ఏమిటి అని అడుగుతారు. ఇక్కడ కప్పా లేదు, తాటికల్లూ లేదు. 'కప్పు' అంటే నలుపు. కన్నడంలో 'కల్లు' అంటే రాయి. నల్లరాయి ఊరు అని అర్థం చెప్పుకోవచ్చు. ఊరి దగ్గరి కొండను ఒకసారి చూస్తే ఈ పేరు ఎంత చక్కగా అతికిందో తెలుస్తుంది.

బళ్ళారికి ఈశాన్యంగా, సంగనకల్లుకు ఆవల ఉన్నది ఈ ఊరు. బళ్ళారి నుంచి పది కిలోమీటర్లు మించదు. ఉదయం బయలుదేరితే కొండ చూచుకొని మధ్యాహ్నభోజనానికి తిరిగి రావచ్చు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడిననాడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చినవి. బళ్ళారి మైసూరులో చేరినది. పటంలో గీత పడినది గాని నాలుకమీద పడలేదు. ఈనాటికీ ఈ ప్రాంతపు టీ కొట్టు దగ్గర నిలబడితే తెలుగులో మొదలైన మాట కన్నడంలో ముగియడం, కన్నడంలో వేసిన ప్రశ్నకు తెలుగులో జవాబు రావడం వింటాము. బళ్ళారి రాఘవగారిని కన్న సీమ గదా ఇది!

కొండను హిరేగుడ్డ అంటారు, అంటే పెద్దగుట్ట. బూడిదరంగు గుండ్ల నడుమ నల్లని డోలరైటు రాయి పెద్ద గోడవలె కొండను చీల్చుకొని సాగుతుంది. ఇంచుమించు అయిదువేల ఏండ్లనాడు మొదలుకొని మూడువేల ఏండ్లనాటి వరకు ఇక్కడ కాపురమున్న నవీన శిలాయుగపు జనం ఆ నల్లరాతితో గొడ్డళ్ళు చేసుకున్నారు. నల్లబండలమీద మూపురం ఎత్తైన, పొడుగు కొమ్ముల ఎడ్ల బొమ్మలు చెక్కినారు. కొన్ని బండలను మరొక రాతితో కొడితే గంట మ్రోగినట్లు ఖంగుమంటవి. అట్లా కొట్టికొట్టి ఏర్పడిన చిన్న గుంటలు వాటిమీద ఉన్నవి. 1892లోనే వీటిని గురించి వ్రాసినవారున్నా, తరువాత లోకం మరచిపోయినది. 2004లో నికోల్ బోయివిన్ అనే పరిశోధకురాలు 'యాంటిక్విటీ' పత్రికలో వ్రాసిన తరువాత ఈ మ్రోగే రాళ్ళ పేరు మళ్ళీ దేశదేశాలకు ప్రాకినది. రాతికోసం కొండను పగులగొట్టడంవల్ల కొంత నష్టం జరిగినది. మిగిలినది చూడదలచినవారు ఆలస్యం చేయరాదు. చూడబోయేముందు బళ్ళారిలో రాబర్ట్ బ్రూస్ ఫూట్ పేర ఉన్న పురావస్తు ప్రదర్శనశాలలో ఒక గంట గడిపితే కొండమీద ఏమి చూస్తున్నామో బోధపడుతుంది.

ఇక్కడి మరొక వింత బూదికనమ. పేరులోనే బూడిద ఉన్నది. ఇట్టి బూడిద దిబ్బలు రాక్షసులను కాల్చినచోట్లని పూర్వం జనం చెప్పుకొనేవారు. పరిశోధకులు త్రవ్విచూచి, అవి పశువుల పెంటను గుట్టలు పోసి మళ్ళీమళ్ళీ కాల్చగా మిగిలిన బూడిద అని తేల్చినారు. కొన్ని దిబ్బలలో ఆ వేడికి బూడిద కరిగి ఇనుప చిట్టెంవలె గట్టిపడినది. ఈ జనం ఆవులను, గొర్రెలను, మేకలను పెంచినారు. ఉలవలు, పెసలు, అండుకొర్రలు పండించుకొని తిన్నారు. ఉలవచారు మనకు ఎంత పాతచుట్టమో చూచినారా!

ఈ నిప్పు, బూడిద, రాయి – మూడింటినీ మనసులో ఉంచుకొని నేను అసలు విషయానికి వస్తాను. అది చేప.

ఇది వర్షాలు తక్కువగల సీమ. చెరువులో నీరున్నన్నాళ్ళే చేప. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తి అయి కాలువలు పారిన తరువాత ఈ సీమ రూపు మారినది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలనుంచి రైతుకుటుంబాలు వచ్చి, బీడుభూములు కొని, చదునుచేసి వరి నాటినారు. సిరుగుప్ప, గంగావతి, సింధనూరు వైపు 'క్యాంపు' అని పేరున్న ఊళ్ళు చాలవరకు వారు కట్టుకొన్నవే. మన చదువరులలో ఎందరో ఆ క్యాంపుల బిడ్డలే. వారు తమతో వరిపైరునే కాక చేపలపులుసును కూడ తెచ్చినారు. జలాశయంలోను చెరువులలోను బొచ్చె, శీలావతి పెరిగినవి. వాలుగ, కొరమీను సరేసరి. సముద్రపు చేప కావాలంటే మాత్రం రోడ్డుమీద మూడువందల కిలోమీటర్లకు పైమాటే; మంచుగడ్డల పెట్టెలో రావలసినదే.

కొండ దిగి, బళ్ళారి మీదుగా సిరుగుప్ప దారిన మా బంధువుల క్యాంపుకు చేరేసరికి వారి పెరటిలో కొరమీను శుభ్రం చేస్తున్నారు. కొరమీనుకు జిగురెక్కువ. దానిని బూడిదలో పొర్లించి రాతిమీద రుద్దితేగాని పొలుసు వదలదు, చేతికి పట్టు చిక్కదు. అమెరికాలో పుట్టిపెరిగి సెలవులకు వచ్చిన మనుమడు ప్రక్కన కూర్చుండి చూస్తూ, "అమ్మమ్మా, అక్కడ మేము సుషీ తింటాముగదా, దీన్నికూడ అట్లాగే పలచగా కోసుకొని పచ్చిదే తినకూడదా?" అని అడిగినాడు. ఆవిడ తల ఎత్తకుండానే, "ఏ నీళ్ళలో పెరిగిందో, దాని కడుపులో ఏమున్నదో నీకేం తెలుసురా నాయనా! పులుసు దించనీ, అప్పుడు తిందువుగాని" అన్నారు.

అమ్మమ్మగారు చెప్పినది సత్యం. అయితే కారణం తెలియని నిషేధాన్ని పిల్లలు పెద్దలు చూస్తున్నంతసేపే పాటిస్తారు. విదేశాలలో మన పిల్లలు పచ్చిచేప తింటున్న మాట దాచవలసినది కాదు. అక్కడ దుకాణంలో తిన్నవారు రేపు ఇక్కడ ఇంటిలో చేయబోతారు. కనుక ఏ చేప పచ్చిగా తినవచ్చును, ఏది తినరాదు, ఎందువల్ల అన్నది తల్లులు, అమ్మమ్మలు కూడ తెలుసుకొని ఉండడం మంచిది.

"మన తెలుగువారు పచ్చిచేప మ్రింగడం లేదా?" అని కొందరు వాదించవచ్చు. నిజమే. హైదరాబాదులో ఏటా మృగశిరకార్తె ప్రవేశించినప్పుడు బత్తిని వంశంవారు ఉబ్బసానికి చేపప్రసాదం ఇస్తారు. 1845 నుంచి ఇస్తున్నామని వారు చెపుతారు. మందుముద్దను వేలెడు కొరమీను పిల్ల నోటిలో పెట్టి, బ్రతికియుండగానే మ్రింగిస్తారు. నాంపల్లి ప్రదర్శన మైదానంలో వేలాదిమంది బారులు తీరి నిలబడతారు. శాకాహారులకు బెల్లంతో ఇస్తారు. కోవిడ్‌వల్ల 2020 నుంచి మూడేండ్లు ఆగి, 2023లో మళ్ళీ సాగినది. దానివల్ల ఉబ్బసం కుదురుతుందని వైద్యశాస్త్రం ఒప్పుకొనలేదు. నమ్మినవారు వెళుతూనే ఉన్నారు. ఆ నమ్మకాన్ని గురించి వాదం ఇక్కడ అనవసరం. ఏటికొకసారి నమ్మకంతో మ్రింగే చేపపిల్లను చూపించి, ఇంట పళ్ళెంలో పచ్చి కొరమీను ముక్కలు వడ్డించడానికి అనుమతి తెచ్చుకోరాదు. అంతవరకే నేను చెప్పదలచినది.

మంచినీటి చేపతో చిక్కేమిటంటే, దాని కండలో కంటికి కనిపించని పురుగు పిల్లలు ఉండవచ్చును. థాయిలాండు ఈశాన్యభాగంలో బొచ్చె జాతికి దూరపు చుట్టాలైన చిన్నచేపలను పచ్చిగా నూరి, కారమూ పులుపూ కలిపి తినే అలవాటు తరతరాలుగా ఉన్నది. ఆ చేపలద్వారా కాలేయపు పురుగు మనిషిలో ప్రవేశించి, పైత్యనాళాలలో ఏండ్లతరబడి కాపురముండి, చివరకు పుట్టకురుపుకు దారితీస్తున్నది. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన కేన్సరు పరిశోధన విభాగం 1994లోనే ఈ పురుగును కేన్సరు కారకాల జాబితాలో చేర్చినది. కొరమీను జాతిలో మరొక పురుగు ఉంటుంది. అది మనిషిలో ప్రవేశిస్తే చర్మం క్రింద తిరుగుతూ వాపులు తెస్తుంది. ఒక్కొక్కప్పుడు కంటికో మెదడుకో ఎక్కుతుంది. ఇవన్నీ మన కాలువలో ఉన్నవని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. చేపను చూచి ఇందులో లేవని చెప్పగలవారు లేరు అన్నదే విషయం.

పురుగులతోనే పోలేదు. 2015లో సింగపూరులో పచ్చిచేప ముక్కలు వేసిన గంజి తిన్నవారిలో వందమందికి పైగా ఒక సూక్ష్మజీవివల్ల జబ్బుపడినారు. కొందరికి మెదడుపొరల వాపు వచ్చినది. ఆ చేపలేవంటే, ఒకటి పెద్దతల గండుచేప, ఒకటి కొరమీను జాతి చేప – రెండూ మంచినీటివే. ఆ సంవత్సరం డిసెంబరులో అక్కడి ప్రభుత్వం హోటళ్ళలోను దుకాణాలలోను మంచినీటి చేపను పచ్చిగా అమ్మడం నిషేధించినది. సింగపూరు వంటి శుభ్రమైన నగరంలోనే ఇట్లా అయితే, ఎండలో బుట్టలో వచ్చిన మన చెరువు చేప సంగతి వేరే చెప్పాలా?

"నిమ్మరసం పిండితే చాలదా? ఉప్పు, కారం, చింతపండు పట్టించితే చావవా?" అని అడుగుతారు. చావవు. నిమ్మరసంలో నానిన చేపముక్క తెల్లబడి ఉడికినట్లు కనిపిస్తుంది. అది కంటికి ఉడుకే గాని పురుగుకు ఉడుకు కాదు. బూడిద జిగురు తీస్తుంది, మజ్జిగ నీచువాసన తీస్తుంది. రెండూ మంచి పనులే, కాని కండలోపలికి పోవు. లోపలికి పోయేవి రెండే: నిప్పు, గడ్డకట్టించే చలి.

సముద్రపు చేపలోను పురుగులుంటవి. కాబట్టే జపానువారి పద్ధతి నేర్చుకొన్న దేశాలు చలికి లెక్కలు కట్టినవి. అమెరికా ఆహార ఔషధ శాఖ లెక్క ప్రకారం, పచ్చిగా తినబోయే చేపను సున్నాకు క్రింద 20 డిగ్రీల సెంటీగ్రేడు చలిలో 7 దినాలు ఉంచాలి. లేదా సున్నాకు క్రింద 35 డిగ్రీలలో గట్టిగా గడ్డకట్టించి 15 గంటలు ఉంచాలి. మన ఇంటి ఫ్రిజ్ పై అరలో ఐసు గడ్డకట్టినంతమాత్రాన ఈ చలి వచ్చినట్లు కాదు. మంచి ఫ్రీజరుకూడ సాధారణంగా 18 దగ్గర నిలుస్తుంది. పైగా ఈ చలి పురుగులను చంపుతుంది గాని సూక్ష్మజీవులను పూర్తిగా చంపదు, నిద్రపుచ్చుతుంది. మంచు కరిగితే అవి లేస్తవి.

కాబట్టి ఇంట పచ్చిచేప తినదలచినవారు పాటించవలసిన కట్టడి ఇది. మంచినీటి చేప జోలికి పోరాదు. సముద్రపు చేప, అందులోను పైన చెప్పిన లెక్కన గడ్డకట్టించినట్లు అమ్మేవాడు స్పష్టంగా చెప్పగలిగినదే కొనాలి. మేత వేసి పెంచిన సాల్మను చేపకు పురుగు భయం తక్కువ. డబ్బామీద 'సుషీ గ్రేడు' అని వ్రాసినది చూచి మోసపోరాదు. అమెరికాలో ఆ మాటకు చట్టంలో అర్థమే లేదు, అది వర్తకుల మాట. గడ్డచేపను గట్టుమీద పెట్టి కరిగించరాదు. ఫ్రిజ్ క్రింది అరలో, గిన్నెలో పెట్టి కరగనివ్వాలి. కత్తి, పలక వేరుగా ఉంచుకోవాలి. కోసినదానిని అప్పుడే తినాలి. బళ్ళారి ఎండాకాలంలో బయట గంటసేపు ఉన్నదానిని పారవేయడమే లాభం. గర్భిణీ స్త్రీలు, పసిపిల్లలు, వృద్ధులు, కాలేయజబ్బు ఉన్నవారు, ఒంటిలో నిరోధశక్తి తగ్గినవారు ఎంత మంచి చేపనైనా పచ్చిగా ముట్టరాదు.

ఇంకొకమాట. సూర, కానాగంత వంటి చేపలు వేడిలో నిలువ ఉంటే వాటిలో ఒక విషం పుడుతుంది. తిన్న కాసేపటికే మొగం ఎర్రబడి, దద్దుర్లు లేచి, తల పగిలిపోతుంది. ఈ విషాన్ని చలీ చంపదు, నిప్పూ చంపదు. పట్టిన గంటనుంచి మంచులో ఉంచడమొక్కటే దారి. తీరానికి ఇంత దూరాన ఉన్న మనం సముద్రపు చేప కొనేటప్పుడు మొప్పలు ఎర్రగా ఉన్నవా, కన్ను ఉబ్బి మెరుస్తున్నదా, వేలితో నొక్కితే కండ తిరిగి లేస్తున్నదా అని అమ్మమ్మలు చూసే చూపు ఇందుకే పనికివస్తుంది.

ఇంత కట్టడి కుదిరినవారు తినవచ్చు, తప్పులేదు. జపానువారు దానినొక విద్యగా పెంచుకొన్నారు. చల్లని సముద్రం, దగ్గరి రేవు, శిక్షణ పొందిన చెయ్యి వారికి ఉన్నవి. మనకు ఉన్నవి కాలువ, చెరువు, మండే ఎండ. వీటికి తగిన విద్య మనవారు ఎప్పుడో పెంచుకొన్నారు. దాని పేరు పులుసు. ముక్క తెల్లబడి, ముల్లునుంచి తనంతట విడివడేదాకా కాగితే లోపలి వేడి 63 డిగ్రీలు దాటినట్లే. పురుగూ ఉండదు, సూక్ష్మజీవీ ఉండదు. రాత్రి చేసిన పులుసు మర్నాడు రుచి అనడం మన వాడుకే గాని, దానినికూడ ఫ్రిజ్‌లో దాచి, మళ్ళీ మరగకాచి తింటేనే ఆ రుచి క్షేమం.

కప్పగల్లు వెళ్ళేవారు చలికాలంలో, ప్రొద్దున్నే వెళ్ళడం మంచిది. నీళ్ళు తీసుకొని వెళ్ళండి. ఎడ్ల బొమ్మలమీద పేర్లు చెక్కవద్దని పిల్లలకు ముందే చెప్పండి. బూదికనమ దగ్గర నిలబడినప్పుడు, ఇది వేల ఏండ్లనాడు ఇక్కడివారు రాజేసిన నిప్పు అని చూపించండి. పచ్చిచేప సంగతి పిల్లలు ఎట్లాగూ అడుగుతారు. ఊరికే వద్దనక, కారణాలన్నీ చెప్పి వద్దనండి.