పడక పరిచిన మనిషి

కాలిఫోర్నియా జెఫిర్ షికాగో యూనియన్ స్టేషనులో మధ్యాహ్నం వేళ బయలుదేరి, మూడో రోజు సాయంత్రానికి పసిఫిక్ తీరాన ఎమరీవిల్ చేరుతుంది. 2,438 మైళ్ళు, రెండు రాత్రులు. బండి వేళకు నడిస్తే యాభై రెండు గంటలు. వేళకు నడవడం అరుదు. విమానంలో భోజనానికీ కాఫీకీ మధ్య ముగిసిపోయే ప్రయాణానికి ఇంత కాలం ఎందుకని ఆ వైద్యుడి కొడుకు ఫోనులో రెండుసార్లు అడిగాడు. ఆయన చెప్పిన జవాబు ఒక్కటే: "ముప్పై ఆరేళ్ళు ఉన్న చోటు నాన్నా. కాస్త నెమ్మదిగా వదలనీ."

భార్య పోయి ఏడాది దాటింది. ఇల్లు అమ్ముడుపోయింది. సామాను లారీలో ముందే వెళ్ళింది. ఆయన వెంట మిగిలినవి ఒక పెట్టె, మందుల సంచి, ఒక పుస్తకం.

గది అని పేరే గాని, అది మూడున్నర అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు ఉన్న గూడు. ఎదురెదురుగా రెండు కుర్చీలు. రాత్రి వాటిని కలిపి లాగితే పడక. పైనుంచి మరొక పడక దిగుతుంది. ఆయనకు దాని అవసరం లేదు. అయినా చాలాసేపు దానివైపే చూస్తూ కూర్చున్నాడు. కాకినాడలో వైద్యవిద్య చదివే రోజుల్లో సికింద్రాబాదు వెళ్ళే రాత్రి బండిలో మిడిల్ బెర్తు దొరికినవాడి అవస్థ గుర్తొచ్చింది: కింది బెర్తు వాళ్ళు కూర్చున్నంతసేపు పడుకోవడానికి లేదు, వాళ్ళు లేచాక పడుకుని ఉండడానికీ లేదు. కాళ్ళకింద పెట్టెకు గొలుసు, తలకింద చెప్పులు. ఆ నిద్రే నిద్ర.

చేతిలో ఉన్నది లారీ టై 2004లో ప్రచురించిన 'రైజింగ్ ఫ్రమ్ ది రెయిల్స్'. అమెరికా నిద్రబండ్లలో పనిచేసిన నల్లజాతి పోర్టర్ల చరిత్ర. అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయ్యాక, జార్జి పుల్‌మన్ తన విలాసవంతమైన స్లీపర్ పెట్టెల్లో సేవకు విముక్తులైన నల్లవారిని ఏరి కోరి నియమించాడు. ఒకప్పటి యజమానుల ఇళ్ళలో జరిగిన ఊడిగం రైలెక్కితే ప్రయాణికుడికి సుఖంగా ఉంటుందన్న లెక్క అది. పడక పరచడం, బూట్లు మెరిపించడం, అర్ధరాత్రి గంట మోగితే పరుగెత్తడం. నెలకు దాదాపు 400 గంటల పని. జీతం చాలదు గనుక టిప్పులకోసం నవ్వు ముఖం.

పుస్తకంలో ఇంతకంటె పదునైన విషయం మరొకటుంది. ఆ పోర్టర్లందరికీ ఒకటే పేరు: జార్జి. బానిసను యజమాని పేరుతో పిలిచే పాత అలవాటు కొద్దీ, పుల్‌మన్ మనుషులు గనుక అందరూ జార్జిలే. దీనికి ఒక వింత తోక కూడా ఉంది. 1914లో కొందరు తెల్ల జార్జిలు, పోర్టర్లను తమ పేరుతో పిలవడం మానాలని ఒక సంఘం పెట్టారు. సగం హాస్యమే కావచ్చు. వారి అభ్యంతరం మాత్రం పోర్టర్ల పక్షాన కాదు, తమ పేరు పక్షాన. అసలు సంఘం 1925లో హార్లెంలో ఏ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వాన పుట్టింది. పన్నెండేళ్ళ పోరాటం తరువాత, 1937లో, కంపెనీ ఒప్పందంపై సంతకం చేసింది. 1955లో మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణకు పునాది వేసినవారిలో ఒకడైన ఇ. డి. నిక్సన్ కూడా పుల్‌మన్ పోర్టరే. పడకలు పరిచిన చేతులు ఎంత దూరం వెళ్ళాయో చెప్పే ఈ అధ్యాయాలు ఆగకుండా చదివిస్తాయి.

నెబ్రాస్కా చీకట్లో ఆ జార్జి పేజీ దగ్గర వైద్యుడు ఆగిపోయాడు. ఆయన ఇంటిపేరులో ఆరు అక్షరాలు. ఆసుపత్రిలో చేరిన మొదటి వారమే ఎవరో దాన్ని ఒక్క ఇంగ్లీషు అక్షరానికి కుదించారు. పదవీ విరమణ సభలో ఇచ్చిన జ్ఞాపికమీద కూడా ఆ ఒక్క అక్షరమే. భార్య దాన్ని గోడకు తగిలించనివ్వలేదు. ఈ గాయాన్ని ఆయన తెలుగు మిత్రుల మధ్య ఎన్నిసార్లు కథగా చెప్పాడో లెక్కలేదు. ప్రతిసారీ నవ్వులు పండేవి.

పుస్తకం మూసి దీపం ఆర్పబోతూ దుప్పటిని చూశాడు. అంచులు బిగించి మడిచి ఉన్నాయి. భోజనానికి వెళ్ళివచ్చేలోగా ఎవరో ఆ పడక పరిచి వెళ్ళారు. ఎవరో కాదు, ఆ పెట్టె అటెండెంటు. షికాగోలో ఎక్కగానే గుమ్మంలో నిలబడి తన పేరు చెప్పాడు, ఏ అవసరమున్నా పిలవమన్నాడు. ఆ పేరేమిటి? ఎంత వెతికినా అందలేదు. అక్కడితో ఆగినా బాగుండేది. ముప్పై ఆరేళ్ళు తన వార్డులో నేల తుడిచినవారిలో, స్ట్రెచర్లు తోసినవారిలో ఎందరి పేర్లు తెలుసునని మనసు అడగడం మొదలుపెట్టింది. రెండు. బహుశా మూడు.

మర్నాడు డెన్వర్ దాటాక కొండలు. 1928లో ప్రారంభమైన మోఫట్ సొరంగంలో ఆరు మైళ్ళకు పైగా చీకటి. ఆ పది నిమిషాలు పెట్టెనుంచి పెట్టెకు నడవవద్దని హెచ్చరిక. ఆపైన గంటల తరబడి కొలరాడో నది పక్కనే. అద్దాల పెట్టెలో అందరూ ఫోటోలు తీసుకుంటున్నారు. నిజానికి ఆ కనుమల గురించి ఎంతైనా రాయవచ్చు, చాలామంది రాశారు. ఆయన మాత్రం అటెండెంటు చొక్కామీద పేరు బిళ్ళ ఉందేమోనని చూస్తున్నాడు. కోటు మడతలో కనబడలేదు. రెండో రాత్రి యూటాలో పడక మళ్ళీ సిద్ధమైంది. అప్పుడూ అడగలేకపోయాడు. అడగడమంటే మరిచానని ఒప్పుకోవడమే.

మూడో రోజు సియెరా దిగుతుండగా అడిగాడు.

"మొదటి రోజే చెప్పాను డాక్టరుగారూ," అన్నాడు అతను నవ్వుతూ. మళ్ళీ చెప్పాడు.

వైద్యుడు పలికి చూశాడు. నొక్కు తప్పు అక్షరంమీద పడింది. అటెండెంటు సరిదిద్దాడు, విసుగు లేకుండా, రోజూ చేసే పనిలాగే. రెండోసారి సరిగానే వచ్చినట్టుంది. అప్పటికే అతను ఎదుటి గదిలోని ముసలావిడ పెట్టె దింపడానికి తిరిగాడు.