ఎవరి బాప్తిస్మం వాళ్ళది

మా ఊళ్ళో బాప్తిస్మాలకు కాలవ మీద ఆధారపడాల్సొచ్చేది. ఏప్రిల్లో కొమ్మమూరు కాలవకు నీళ్ళు ఆపేశారంటే మళ్ళీ జూన్‌లో వదిలేదాకా అడుగున బురద, ఆ బురదలో గేదెలు. ఎండాకాలం ఉజ్జీవ కూటాల్లో ఏడ్చి, సాక్ష్యం చెప్పి, రేపే బాప్తిస్మం ఇమ్మన్న కుర్రాళ్ళయినా సరే, నీళ్ళొచ్చేదాకా ఆగాల్సిందే. ఈ బాధ మాదిగపల్లెలో ఉన్న బాప్టిస్టు గుడిది. మా మాలపల్లెలో ఉన్న లూథరన్ గుడికి ఏ చిక్కూ లేదు. పసిబిడ్డ నెత్తిన చిలకరించడానికి గిన్నెడు నీళ్ళు చాలు. "మీది గిన్నె బాప్తిస్మం" అని వాళ్ళు, "మీది గేదెల బాప్తిస్మం" అని మావాళ్ళు.

పొన్నూరుకీ బాపట్లకీ మధ్య చిన్న ఊరు మాది. హయ్యరు దొర 1842లో గుంటూరొచ్చి మొదలుపెట్టిన లూథరన్ మిషను ఒకవైపు నుంచి, ఒంగోలు నుంచి క్లౌ దొర బాప్టిస్టు మిషను ఇంకోవైపు నుంచి పాకి మా ప్రాంతంలో కలుసుకున్నాయి. మా అమ్మమ్మ క్లౌ దొర కథ తన కళ్ళతో చూసినట్టే చెప్పేది. 1876లో మొదలైన కరువులో ఆయన బకింగ్‌హాం కాలవ తవ్వకం కాంట్రాక్టు పట్టి పల్లెజనానికి కూలి ఇప్పించాడని, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు అయ్యాయని, ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ముంచారని. "మరి మీ గుంటూరోళ్ళకు చెంబులు కడగడానికే సరిపోయిందా రోజు" అని చివర్లో నాన్నకు వినపడేట్టు అనేది. నాన్న పేపరు వెనక నవ్వుకునేవాడు.

అమ్మవాళ్ళు బాపట్ల బాప్టిస్టులు. నాన్న లూథరన్ బడిలో పంతులు. ఆదివారాలు మా గుడిలో వాక్యం చదివేదీ ఆయనే, ఎందుకంటే మా అయ్యగారికి చాలా ఊళ్ళుండేవి. అక్కకు నెల తిరక్కుండానే నాన్న చిలకరింపు చేయించాడు. నేను పుట్టాక అమ్మ అడ్డం పడింది. "ఏమండీ, పిల్లలు ఇద్దరు. మీ మనస్సాక్షికి ఒకరు, నా మనస్సాక్షికి ఒకరు" అందట. నాన్న కొన్నాళ్ళు ముభావంగా తిరిగి, ఒప్పుకున్నాడు. పంతులు ఇంట్లోనే బిడ్డకు బాప్తిస్మం లేదేమిటని పైవాళ్ళ దగ్గర చీవాట్లు తిన్నాడు కూడా. అమ్మతో మాత్రం ఆ మాట ఎత్తలేదు. నేను పుట్టింది నిడుబ్రోలులో సాల్వేషన్ ఆర్మీవాళ్ళ ఎవాంజలిన్ బూత్ ఆసుపత్రిలో. వాళ్ళయితే అసలు నీళ్ళ బాప్తిస్మమూ ఇవ్వరు, ప్రభు భోజన సంస్కారమూ చెయ్యరు. అమ్మమ్మకు ఇది మహా వింత. "ముంచేవాళ్ళూ కాదు, చల్లేవాళ్ళూ కాదు, అయినా బిడ్డను ఎంత శుభ్రంగా కడిగిచ్చారో" అని వాళ్ళను మెచ్చుకునేది.

బాబాయి దారి వేరు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ హెబ్రోనుకు వెళ్ళడం మొదలుపెట్టాడు. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి క్రీస్తును నమ్ముకున్న భక్తసింగుగారి సహవాసం అది. ఏటా పరిశుద్ధ కూడికలకు వేలమంది వచ్చి, నేలమీద బారులు తీరి కూర్చుని ఒకే భోజనం చేసేవాళ్ళట. అక్కణ్ణుంచి తెల్లచొక్కా, తెల్లపంచెతో దిగాడు బాబాయి. ఉంగరం లేదు, సినిమా లేదు, ఇంకొకరి దేవుడి ముందు పెట్టిన తిండి లేదు. పిన్నిని పుస్తెలు తీసెయ్యమన్నాడు. పిన్ని తియ్యనంది. "నాకు ఇది బంగారం కాదు, నువ్వు" అంది. బాబాయి ఆ తర్వాత అడగలేదు. సహవాసంలో ఆడవాళ్ళు గుసగుసలాడినా పిన్ని ముసుగేసుకుని, మెడలో పుస్తెలతోనే వెళ్ళి కూర్చునేది.

అసలు చిక్కు అరిసెలతో వచ్చేది. మేం పాలికి చేసే రైతు ఇంటి నుంచి సంక్రాంతికి అరిసెలు, వినాయక చవితికి ఉండ్రాళ్ళు వచ్చేవి. నాన్నకు ఏ పట్టింపూ లేదు. రాతిబొమ్మ తినదు కదా, పిండి పిండే, బెల్లం బెల్లమే అనేవాడు. బాబాయికి అది విగ్రహార్పితం. నాయనమ్మ దీన్ని తనదైన పద్ధతిలో తేల్చింది. బాబాయి ఊళ్ళో ఉన్న రోజుల్లో ఆ గిన్నె గాదె వెనక్కి పోయేది, మీద మూత, మూత మీద చాట. మేము పిల్లలం గాదె చాటుకు వెళ్ళి తిని, మూతి తుడుచుకుని వచ్చేవాళ్ళం. నాన్నకు అరిసె ప్రాణం, కానీ తమ్ముడు ఉన్నన్నాళ్ళూ ముట్టేవాడు కాదు. బాబాయికి తెలియదా అంటే, నెయ్యీ బెల్లం వాసన ఆ ఇంట్లో దాక్కునేదేమీ కాదు. ఆయన కూడా గాదె వైపు చూసేవాడు కాదు, చాట కింద ఏముందని అడిగేవాడు కాదు.

పౌలు రోమా సంఘానికి రాసిన పత్రికలో పద్నాలుగో అధ్యాయం ఈ గొడవే. తినేవాడు తిననివాణ్ణి చులకన చెయ్యొద్దు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చొద్దు; రోజులు పాటించేవాడూ పాటించనివాడూ ఎవరి మనసులో వాళ్ళు రూఢిగా ఉంటే చాలు, ఇదీ అందులో సారం. పెద్దయ్యాక దాని మీద ప్రసంగాలు చాలా విన్నాను. నాయనమ్మకు చదువు రాదు.

అమ్మ సంగతి దీనికన్నా కష్టం. ప్రతి నెలా మొదటి ఆదివారం బాప్టిస్టు గుడిలో సంస్కారం. అమ్మ ఆ రోజు తెల్లచీర కట్టుకుని, బైబిలూ పాటల పుస్తకమూ పట్టుకుని, మాలపల్లె దాటి, చెరువుకట్ట మీదుగా మాదిగపల్లెకు నడిచి వెళ్ళేది. నన్ను వెంట తీసుకెళ్ళేది. ఆ గుడిలో అందరూ ఒక్క రొట్టెలోంచి విరుచుకునేవాళ్ళు. కట్ట మీద ఎదురైన మావాళ్ళు అమ్మను అడిగే ప్రశ్న ఎప్పుడూ సిద్ధాంతం గురించే ఉండేది. "ఏమ్మా, మన సంస్కారం సంస్కారం కాదా?" అని. కానీ వారం తిరిగేసరికి నాయనమ్మ దగ్గరకు చేరే మాట వేరు: "మీ కోడలు అక్కడ ఎవరి పక్కన కూర్చుంటోందో, ఏ గిన్నెలో తాగుతోందో చూసుకుంటున్నావా?"

ఇక్కడ దాపరికం అనవసరం. మా ప్రాంతంలో మిషన్లు ఊళ్ళు పంచుకున్నాయి, పల్లెలు మిషన్లను పంచుకున్నాయి. మా ఊళ్ళో ఒక పల్లెకు ఒక గుడి దక్కితే రెండో పల్లె రెండో గుడికి వెళ్ళింది. ముంచడమా, చల్లడమా అన్నది అమెరికాలో ఎవరికో మనస్సాక్షి ప్రశ్న కావచ్చు. మా చెరువుకట్ట దగ్గరకు వచ్చేసరికి దాని కింద కులం కూర్చుంది. మనస్సాక్షి అనే మాట చాలా పెద్దది. దాని చాటున ఏదైనా పెట్టొచ్చు. అమ్మ మాత్రం నిజంగా మనస్సాక్షి కోసమే నడిచింది, ఆ నడకతో మా ఇంట్లోంచి మొదటిసారి కట్ట దాటింది ఆమే.

ఇంతకీ ఐక్యత కోసం పైన పెద్ద ప్రయత్నాలే జరిగాయి. దోర్నకల్ బిషప్ అజరయ్యగారు, ఇంకొందరు 1919లో తరంగంబాడిలో కూర్చుని ఎత్తుకున్న పని, ఆయన 1945లో కన్నుమూశాక గానీ తెమల్లేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిశారు. మా లూథరన్లూ కలవలేదు, బాప్టిస్టులూ కలవలేదు. కలవాల్సిన ఆంగ్లికన్లలోనే నంద్యాలవాళ్ళు 1975 దాకా బయటే ఉండిపోయారు. బిషప్పు చెయ్యి తలమీద పడని పాస్టరు ఇచ్చే సంస్కారం చెల్లుతుందా లేదా అన్నదాని మీద ఎన్నేళ్ళు గడిచాయో. పాటల్లో మాత్రం అందరూ ఎప్పుడో కలిసిపోయారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు రెండు గుడుల్లోనూ అదే పుస్తకం, పైన రాగం, తాళం వేసి ఉండే అదే అచ్చు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు ఏ గుడివాళ్ళకైనా నోటికొచ్చు. నంబరు చెబితే చాలు, ఎవరైనా అందుకునేవాళ్ళు.

1977 నవంబరు 19, శనివారం. పొద్దుటి నుంచీ తుఫాను గాలి. సాయంత్రానికి తాటిచెట్లు వంగుతున్నాయో విరుగుతున్నాయో తెలియని మోత. దివిసీమలో ఆ రాత్రి వేలమంది పోయారని మాకు రెండుమూడు రోజులకు గానీ తెలియలేదు. మా ఊళ్ళో పల్లెలకు పక్కా కట్టడం లూథరన్ గుడి ఒక్కటే, దొరలనాటి సున్నం గోడలు. బాప్టిస్టు గుడి రేకులు చీకటి పడకముందే లేచిపోయాయి. మాదిగపల్లె అంతా పిల్లల్ని చంకనేసుకుని, కట్ట మీద పడుతూ లేస్తూ మా గుడి దగ్గరకు వచ్చింది. తలుపు దగ్గర మా పెద్దలొకరు, "ఆళ్ళు వరండాలో ఉంటార్లే" అన్నారు. నాయనమ్మ గడప మీదే కూర్చుని ఉంది. "వరండాకి కప్పుందంట్రా? అది పోయి గంటయింది. అడ్డం లెగు" అంది. అంతే, ఆ మనిషి జరిగాడు. ఇంకెవరూ ఏమీ అనలేదు. నిజం చెప్పాలంటే అనడానికి చోటు కూడా లేదు. బలిపీఠం మెట్ల మీద కూడా మనుషులే.

ఆ రాత్రి ప్రార్థన వినాల్సిందే. నాన్న పుస్తకంలోది కంఠతా చదువుతున్నాడు. బాప్టిస్టు పాస్టరుగారు చేతులెత్తి తోచింది అడుగుతున్నారు. బాబాయి ఆ వారం ఊళ్ళోనే ఉన్నాడు. తడిసిన తెల్లచొక్కాతో మోకాళ్ళమీద ఒక మూల నిశ్శబ్దంగా ఉన్నాడు. బిగ్గరగా ప్రార్థించేవాళ్ళను ఆపమనలేదు, నిశ్శబ్దంగా ఉన్నవాణ్ణి ఎందుకు మాట్లాడవని వాళ్ళూ అడగలేదు. పెంకు లేచినప్పుడల్లా ఎవరో ఒకరు కీర్తన అందుకునేవాళ్ళు. అది మాత్రం అందరిదీ ఒకటే గొంతు.

తెల్లారితే ఆదివారం. ఆరాధన చెయ్యాలి. నాన్న బాప్టిస్టు పాస్టరుగారిని వాక్యం చెప్పమన్నాడు. ఆయన బలిపీఠం ఎక్కకుండా, మెట్టు కిందే నిలబడి చెప్పారు. అది ఆయన మర్యాద. విశ్వాస ప్రమాణం నాన్న చెప్పించాడు. చెప్పేవాళ్ళు చెప్పారు, అలవాటు లేనివాళ్ళు తల వంచుకున్నారు. ఈ లోపల వరండాలో ఒక మనిషి పని చేస్తూనే ఉన్నాడు. ఆయన మా ఊరి కంపౌండరు, నూజివీడు ఆసుపత్రిలో పని నేర్చుకొచ్చిన సెవెంత్‌డే అడ్వెంటిస్టు. శనివారం సబ్బాతు పాటిస్తాడు, కాఫీ టీలు ముట్టడు. ఊరంతా వెనక ఆయన్ని "శనివారం ఆయన" అనేది. పెంకులు పడి తలలు పగిలినవాళ్ళు, కాళ్ళు తెగినవాళ్ళు పాతికమంది దాకా వరుసగా కూర్చున్నారు. ఎవరో లోపలికి రమ్మని పిలిస్తే, దూది నోటితో పట్టుకుని కట్టు బిగిస్తూ, "నా ఆరాధన నిన్ననే అయిపోయింది, మీది కానివ్వండి" అన్నాడు. ఆ రోజు ఊళ్ళో చేతులు ఖాళీగా ఉన్న క్రైస్తవుడు ఆయనొక్కడే.

మధ్యాహ్నానికి రైతుల ఇళ్ళ నుంచి తడిసిన బియ్యం వచ్చాయి. గుడి ముందే మూడు రాళ్ళ పొయ్యి. అమ్మ, మాదిగపల్లె ఆడవాళ్ళు కలిసి వండారు. రెండు పల్లెలూ ఒక్క డేగిశాలోది తిన్నాయి. పిన్ని వడ్డించింది. గిన్నె ఎవరిదని ఎవరూ అడగలేదు. అలాగని ఆ తుఫానుతో ఊరు మారిపోయిందని చెప్పను. రేకులు మళ్ళీ వేసుకున్నాక ఎవరి గుడికి వాళ్ళు వెళ్ళారు. కట్ట మీద ప్రశ్నలూ కొన్నాళ్ళకు మళ్ళీ మొదలయ్యాయి. నన్ను తర్వాత కాలవలోనే ముంచారు. నాన్న గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు.

మా బంధువులున్న ఇంకో ఊళ్ళో ఒక సంఘం చీలింది, పేరెందుకులెండి. అక్కడ ఒకే బాప్తిస్మం, ఒకే కులం, ఒకే పాటల పుస్తకం. కమిటీ ఎన్నికల్లో మొదలై, మిషను కాలంనాటి స్థలం దగ్గర ముదిరి, గుడి తలుపుకు రెండు తాళాలు పడ్డాయి. కేసు నా పెళ్ళికి ముందు వేశారు, నా కూతురి పెళ్ళికీ తేలలేదు. నీళ్ళెంత లోతుండాలన్నదాని మీద నాకు తెలిసినవాళ్ళెవరూ కోర్టుకెక్కలేదు. ఐక్యత మీద సభలు పెడుతున్న అయ్యగార్లకూ బ్రదర్లకూ ఒక్క మనవి: బాప్తిస్మం సంగతి కొన్నాళ్ళు పక్కన పెట్టి, ముందు కులం గురించీ ఆస్తుల గురించీ సభలో పైకి మాట్లాడండి.