కూతకు వెళ్ళిన ఏడాది

కె.జి.యఫ్. అంటే ఇప్పటి పిల్లలకు 2018లో వచ్చిన సినిమా. మాది ఆ ఊరని చెప్పగానే "అక్కడ నిజంగానే అంతమంది రౌడీలు ఉండేవారా ఆంటీ?" అని అడుగుతారు. ఆ సినిమాలో మా ఊరిదంటూ నేను గుర్తుపట్టింది సైనైడ్ గుట్టల్నే. బంగారం తీసేసుకున్నాక మిగిలిన రాతిపొడిని ఏళ్ళ తరబడి పోయగా పోయగా పెరిగిన దిబ్బలవి. గాలి లేస్తే ఆ పొడి ఆరేసిన బట్టల మీదా, వడ్డించిన సంగటి మీదా కూడా పడేది. ఆ దిబ్బలు కనిపించే మైదానంలో 1986-87లో నేను ఒక ఏడాది మా కాలేజీ ఆడపిల్లల జట్టులో చెడుగుడు ఆడాను. సొంత ఊరి గురించి ఏదైనా రాయమని మన సంఘం వారు అడిగినప్పుడు, బంగారం గురించి రాస్తానని అనుకుని ఉంటారు. మా ఇంట్లో మగవాళ్ళందరూ ఆ బంగారాన్ని తవ్వినవాళ్ళే గానీ కళ్ళతో చూసినవాళ్ళు తక్కువ. అంచేత చెడుగుడు గురించే రాస్తున్నాను.

మా తాత చిత్తూరు జిల్లా నుంచి వచ్చి గనిలో చేరాడు. నాయనదీ చాంపియన్ రీఫ్ గనిలోనే పని. ఆ గని లోతు మూడు కిలోమీటర్ల పైమాట. లోపల బంగారం ఉండేది పలుగురాతి పొరల్లో. ఆ రాతికి బెజ్జం వేసేటప్పుడు లేచే సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి, అక్కడే నిలిచిపోయి, వాటిని గట్టిపరుస్తుంది. డాక్టర్లు దాన్ని సిలికోసిస్ అంటారు. మా లైన్లలో, అంటే గని కూలీల ఇళ్ళ వరసల్లో, దానికి ఒకటే మాట, దమ్ము. "పాపం, ఆయనకు దమ్ము" అంటే ఇంక ఆ మనిషి మెట్లెక్కలేడని అర్థం. చెడుగుడులోనూ అదే మాట. "ఆ పిల్లకు దమ్ము బాగా ఉండాది" అంటే మెచ్చుకోలు. బయటి ఊళ్ళవాళ్ళకు ఇది వింతగా ఉంటుందేమో, మాకు మాత్రం ఏ దమ్మో అడగకుండానే తెలిసిపోయేది. నాయనకు నలభై అయిదో ఏట ఎక్స్‌రేలో ఆ జబ్బు బయటపడింది. లోపలి పని మాన్పించి పైన తేలిక పనిలో వేశారు.

అంతకు ముందు నాయన నాటకాల్లో పద్యాలు పాడేవాడు. పండగలకు మా వైపు పల్లెల్లో హరిశ్చంద్ర నాటకం వేస్తే కాటిసీను ఆయనదే. పద్యం చివర రాగం తీస్తూ పోతుంటే జనం లేచి నిలబడేవాళ్ళట. నేను మరీ చిన్నపిల్లగా ఉన్నప్పుడు విన్నాను, లీలగా గుర్తు. నాకు బాగా గుర్తున్న నాయన మాత్రం గుమ్మంలో కూర్చుని, రెండు మాటలకొకసారి ఆగి మాట్లాడే నాయన.

అసలు విషయానికి వస్తాను. మా ఊళ్ళో మగపిల్లలకు ఫుట్‌బాల్, హాకీ అంటే ప్రాణం. మాకేమో త్రోబాల్, బాల్ బ్యాడ్మింటన్. కోలారు జిల్లా కాలేజీలన్నీ అప్పట్లో బెంగుళూరు విశ్వవిద్యాలయం కిందే ఉండేవి. అంతర్ కళాశాల పోటీల్లో ఆడపిల్లల కబడ్డీ కూడా ఉందని, ఈసారి మనమూ జట్టు పంపుదామని మా పి.డి. సార్ పట్టుపట్టారు. ఒక సాయంత్రం మమ్మల్ని వరసగా నిలబెట్టి, ఒక్క ఊపిరిలో "కబడ్డీ కబడ్డీ" అంటూ ఎంత దూరం నడవగలరో చూశారు. అట్లా తేలినవాళ్ళం మేము. నీళ్ళ బిందెలు మోసి మోసి భుజాలు గట్టిపడ్డ ఆండర్సన్‌పేట తమిళపిల్ల, హాకీ ఆడే ఆంగ్లో ఇండియన్ పిల్ల, బేతమంగళం వైపు పల్లె నుంచి బస్సులో వచ్చే రైతుబిడ్డ ఒకతి. ఆమెకు అయిదుగురు అన్నదమ్ములు కాబట్టి చెడుగుడు పుట్టుకతోనే వచ్చు. మిగతావాళ్ళం ఏదో ఒకటి అన్నట్టు ఉండేవాళ్ళం.

ఇంట్లో చెప్పగానే గొడవ. అవ్వ, "ఆడబిడ్డలు దొమ్మీకి పొయ్యేదేందమ్మా!" అని నోరు నొక్కుకుంది. అమ్మ బాధ వేరు. "రేపు చూసేదానికి వచ్చినోళ్ళు మోకాలి మీద మచ్చేందని అడిగితే ఏం చెప్పాల?" అంది. చీర కట్టుకున్న పిల్ల మోకాలు ఎవరు చూస్తారో నాకు అర్థం కాలేదు గానీ, అమ్మ ముందు అనే ధైర్యం లేదు. పి.డి. సార్ స్వయంగా మా ఇంటికి వచ్చారు. "ఆడవాళ్ళకు 1955 నుంచే జాతీయ పోటీలు ఉండాయమ్మా, ఇదేం కొత్త కాదు" అని నచ్చచెప్పారు. నిక్కర్ల మీద పైజమాలు వేసుకునేట్టు ఒప్పందం కుదిరింది. నాయన అంతసేపూ ఏమీ అనలేదు. సార్ కాఫీ తాగి లేచాక, "ఆడనీలే. దమ్ముండేటప్పుడే గదా ఆడేది" అన్నాడు. దాంతో ఆ మాట ముగిసింది.

ఆటలో మొదటి పాఠం ముళ్ళూ రాళ్ళూ ఏరడం. రోజూ బరి గీయడానికి ముందు అరగంట ఆ పనే. ఇప్పటి అమ్మాయిలు మెత్తటి మ్యాట్ మీద ఆడుతుంటే చూడ ముచ్చటగా ఉంటుంది. మాది ఎర్రమన్ను, గరుకు. ఏ పక్కకు పడినా ఏదో ఒకటి గీసుకునేది. రెండు జడలూ పైకి మడిచి రిబ్బన్లతో కట్టేవాళ్ళం. జుట్టు పట్టి లాగకూడదని రూలు ఉంది గానీ, పట్టు పట్టే చేతికి రూలు ఎక్కడ గుర్తుంటుంది? ఇక అరుపులు! ఒకామె "పిడి!" అంటుంది, ఒకామె "హిడి!" అంటుంది, నేను "పట్టుకో!" అంటాను, ఆంగ్లో ఇండియన్ పిల్ల ఇంగ్లీషులో అరుస్తుంది. కూతకు వచ్చిన ఎదుటి జట్టు పిల్లకు ఏ భాషకు భయపడాలో తెలిసేది కాదు.

ఆటలో అన్నిటికంటే ముఖ్యం కూత. ఎదుటి బరిలో ఉన్నంతసేపూ కూత ఆగకూడదు, మధ్యలో ఊపిరి తీసుకోకూడదు. ఆగిందా, ఔట్. ఇప్పుడు కూతకు 30 సెకన్ల గడువు పెట్టారు. మాకు దమ్మే గడియారం. నాకు పరుగుంది, చురుకుంది, దమ్ము మాత్రం మధ్యలోనే అయిపోయేది. రాత్రి గుమ్మంలో కూర్చుని అదే చెప్పుకుంటుంటే, నాయన పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"ఎదలో నింపుకోవద్దు అమ్మణ్ణీ" అన్నాడు. కాసేపు ఆగాడు. "కడుపులో నింపుకో." మళ్ళీ ఆగాడు. "పెదాల కాడ కొంచెం కొంచెంగా ఖర్చు పెట్టు."

పద్యంలో రాగం తీసేవాళ్ళు చేసే పనే అది. ఆయన చేసి చూపించలేడు. చెప్పడం ఒక్కటే. అమ్మ డబ్బాలోంచి చింతగింజలు తెచ్చుకుని, నేను పది సార్లు "కబడ్డీ" అనేసరికి ఒక గింజ నేల మీద పెట్టేవాడు. మొదటి రోజు అయిదు గింజలు. దసరా సెలవులకు ఏడు. డిసెంబరుకల్లా తొమ్మిది. అవ్వ నవ్వేది, "తండ్రీ బిడ్డా వామనగుంటలాడతా ఉండారు" అని. నేను గుక్క తిప్పుకోకుండా కూత పెడుతుంటే ఆయన పెదాలు కూడా కదిలేవి. చూడకూడదనుకుంటూనే చూసేదాన్ని. నాయన 1994లో పోయాడు. ఇప్పటికీ ఎక్కడైనా చింతగింజలు కనిపిస్తే పదులు లెక్కపెడతాను.

నవంబరులో అనుకుంటాను, ఒక సాయంత్రం మేము చేతులు కలిపి గొలుసు పట్టి నిలబడి ఉండగా నేల ఒక్క కుదుపు కుదిపింది. లోతున రాతి మీద ఒత్తిడి పెరిగి ఒక్కసారిగా పగిలితే పైన ఊరంతా అదురుతుంది. రాక్ బర్స్ట్ అంటారు. ఇళ్ళల్లో గిన్నెలు గలగలమనడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. కానీ కూత ఆగిపోయింది. ఎవరూ ఏమీ అనకుండా అందరమూ షాఫ్టుల వైపు చూశాం. మాలో ముగ్గురి నాన్నలు ఆ షిఫ్టులో కింద ఉన్నారు. పి.డి. సార్ విజిల్ జేబులో పెట్టుకుని, "పోండమ్మా, పోయి కనుక్కోండి" అన్నారు. నాయన పైన పనిలో ఉన్నాడు కాబట్టి నాకు వెళ్ళవలసిన పని లేదు. అయినా ఆండర్సన్‌పేట పిల్లతో పాటు గేటు దాకా పరుగెత్తాను. ఆ రోజు అందరూ క్షేమంగా పైకి వచ్చారు. మర్నాడు మళ్ళీ ముళ్ళు ఏరాం, బరి గీశాం. ఆ పిల్ల మాత్రం నా చెయ్యి ఆ రోజు నుంచి ఇంకాస్త గట్టిగా పట్టుకునేది.

ఇక్కడ చిన్న పిట్టకథ. మా అమ్మాయి 2015లో ఎం.ఎస్. చదవడానికి అమెరికా వెళ్ళి, అక్కడ కాలేజీ ఆడపిల్లల రగ్బీ జట్టులో చేరింది. ఒళ్ళంతా బురదతో, పెదవి చిట్లి, నవ్వుతూ ఉన్న ఫొటో పంపింది. మా వారు కంగారు పడ్డారు. నేను ఆ ఫొటోను పెద్దది చేసి, పట్టు ఎట్లా పట్టిందో చూశాను. తొడల దగ్గర, తల ఒక పక్కకు పెట్టి, సరిగ్గా మా పి.డి. సార్ చెప్పినట్టే! రగ్బీలో జట్టుకు పదిహేను మంది, బంతిని చేత్తో వెనక్కే అందించాలి, పట్టుబడి కింద పడితే బంతి వదిలెయ్యాలి. ఇవన్నీ ఫోన్లో ఓపిగ్గా చెప్పింది. ఆడవాళ్ళకు 1991లోనే వేల్స్‌లో ప్రపంచ కప్పు జరిగిందట, అమెరికా వాళ్ళే గెలిచారట. మన దేశం ఆడపిల్లలు పదిహేను మంది ఆటలో మొదటి అంతర్జాతీయ మ్యాచ్ ఆడింది 2018లో. అంతా విని, "మరి దమ్ము సంగతేమిటే?" అని అడిగాను. "రగ్బీలో ఊపిరి పీల్చుకోవచ్చమ్మా!" అంది. అయితే అది కొంచెం తేలిక ఆటేనన్నాను. ఆ మాట వాళ్ళ జట్టు మొత్తానికి చెప్పిందట. ఒక సీజన్ ఆడి, చదువు బరువెక్కి మానేసింది. ఆ మానేసిన రోజు ఫోన్లో ఎంతసేపు ఏడ్చిందో వాళ్ళ నాన్నకు ఇప్పటికీ తెలియదు.

మా పోటీలు ముళబాగిలులో మొదలయ్యాయి. మొదటి రెండు ఆటలూ గెలిచాం. గెలిచినందుకు పి.డి. సార్ తన డబ్బుతో ముళబాగిలు దోసెలు తినిపించారు. మందంగా, అంచు కరకరలాడుతూ, వెన్నతో. నేను మూడు తిన్నాను. తర్వాత జనవరిలో బెంగుళూరు, జ్ఞానభారతి ఆవరణలో. తెల్లవారుజామున మారికుప్పం నుంచి వచ్చే రైలును చాంపియన్ స్టేషన్లో పట్టుకున్నాం. మేము దిగేసరికి అక్కడి జట్లు బూట్లు వేసుకుని, ఒకే రంగు బట్టల్లో పరుగులు తీస్తున్నాయి. మాకు బట్టలు ఒకే రంగు కావడమే గొప్ప. బూట్లు ముగ్గురికే ఉన్నాయి.

అయినా సెమీఫైనల్ దాకా వెళ్ళాం. ఆ ఆటలో పదిహేను నిమిషాల మొదటి సగంలోనే వెనకబడ్డాం. రెండో సగంలో నేను కూతకు వెళ్ళాను. మూలనున్న పిల్ల చీలమండ దొరకబుచ్చుకుంది, ఇంకొకామె తొడ, మూడో ఆమె నడుము. నేల మీద బోర్లా పడ్డాను. గీత నా చేతికి జానెడు దూరంలో ఉంది. నా మీద ముగ్గురి బరువు. అంపైరు వంగి నా నోటి దగ్గర చెవి పెట్టాడు, కూత ఉందా లేదా అని. మన్ను నోట్లోకి పోతోంది. కడుపులో ఉన్నదాన్ని కొంచెం కొంచెంగా ఖర్చు పెడుతూ, మోచేతుల మీద పాకుతూ పోయి వేలి కొసతో గీత తాకాను. పట్టుకున్న ముగ్గురూ ఔట్. మా వాళ్ళు నన్ను లేపి నిలబెట్టారు గానీ, కాసేపటి దాకా నాకు ఏమీ వినిపించలేదు.

ఆట మాత్రం మూడు పాయింట్లతో పోయింది. వాళ్ళు మాకంటే బాగా ఆడారు, అంతే.

ఆ రాత్రి చాంపియన్ స్టేషన్లో దిగేసరికి చలి. నాయన మఫ్లరు చుట్టుకుని బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇంటి నుంచి స్టేషను ఎంతో దూరం కాదు గానీ, ఆయనకు దూరమే. గెలిచారా, ఓడారా అని అడగలేదు. "దమ్ము ఎంత వచ్చింది?" అన్నాడు. ముగ్గుర్ని ఔట్ చేసిన సంగతి చెప్పాను. "ఏదీ, పెట్టు" అన్నాడు. ప్లాట్‌ఫారం మీద, తోటి పిల్లలూ కూలీలూ చూస్తుండగా కూత పెట్టాను. చింతగింజలు లేవు, వేళ్ళు మడిచాడు. రెండు చేతుల వేళ్ళూ అయిపోయి మళ్ళీ బొటనవేలికి వచ్చాడు. తర్వాత ఇద్దరం మెల్లగా ఇంటికి నడిచాం, దారిలో రెండుసార్లు ఆగి.

ఏప్రిల్లో పరీక్షలు, మరుసటి ఏడు పెళ్ళి. మోకాలి మచ్చ గురించి ఎవరూ అడగలేదు. అమ్మ మాత్రం పెళ్ళిరోజు పొద్దుటి దాకా దానికి పసుపు రాస్తూనే ఉంది.