పేపర్లో పడని ఫలితాలు

మన ఇళ్లలో ఫలితాలంటే పండగో, పిడుగో! పదో తరగతి ఫలితాల రోజు పొద్దున్నే పేపరు కోసం బస్టాండుకు పరిగెత్తిన తరం మాది. చీమల బారుల్లాంటి అంకెల్లో హాల్‌టికెట్ నంబరు వెతుక్కోవడం, దొరికితే దాని కింద ఎర్ర పెన్నుతో గీత గీయడం, ఆ పేపరును ఏడాదిపాటు బీరువాలో దాచుకోవడం! ఆ తర్వాత ఎంసెట్ వచ్చింది. ర్యాంకెంత, సీటెక్కడ? ఈ రెండు ప్రశ్నలతోనే సగం బంధుత్వాలు నడిచిపోయేవి.

ఏ పేపర్లోనూ పడని ఫలితాలు కొన్నున్నాయి. ఎవరో ఒకరు గదిలో ఒంటరిగా కూర్చుని, కంప్యూటర్లో చూసుకుని, మూసేస్తారు. పక్క గదిలో ఉన్న అమ్మానాన్నలకి కూడా ఏం జరిగిందో అర్థం కాదు. పీహెచ్‌డీ చేసినవాళ్లు ఉన్న ఇళ్లకి ఇది తెలుస్తుంది. మా ఇంట్లో మా చెల్లి ఉంది.

చెల్లి చదివింది మొక్కల శాస్త్రం. మాది తెనాలి. ఆ కిందుగా సముద్రం వైపు పోతే ఉప్పుదేలిన పొలాలు కనిపిస్తాయి. ఆ నేలల్లో వరి వేరు ఎలా తట్టుకుంటుందన్నది దాని పరిశోధన. స్పెయిన్‌లో ఎబ్రో నది డెల్టాలోనూ వరి పండిస్తారు. సముద్రపు ఉప్పు వాళ్లకీ బెడదే. అక్కడి ప్రొఫెసరొకరు ‘నువ్వు రా, నా ల్యాబ్‌లో చోటిస్తాను, జీతం మాత్రం నువ్వే తెచ్చుకోవాలి’ అన్నారు. జీతం తెచ్చుకోవడమంటే ఫెలోషిప్ గెలవడం. పీహెచ్‌డీకీ, ప్రొఫెసరు ఉద్యోగానికీ మధ్య రెండు మూడేళ్ల వంతెన లాంటిదే ఈ పోస్ట్‌డాక్. వంతెన దాటాలంటే టోల్ గేటు దగ్గర లక్ష మంది కాకపోయినా వేలమంది నిలబడి ఉంటారు.

మా చెల్లి వరస కట్టింది యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ స్క్లొడొస్కా క్యూరీ ఫెలోషిప్‌కి. సెప్టెంబరులో దరఖాస్తు, ఫిబ్రవరిలో ఫలితం. మధ్యలో అయిదు నెలలు గాలిలో దీపం. పది పేజీల్లో రాబోయే రెండేళ్లు ఏం చేస్తావో, ఎందుకు చేస్తావో, ఏ నెలలో ఏం పూర్తవుతుందో రాయాలి. ఆ పది పేజీలకి మా చెల్లి మూడు నెలలు రాత్రిళ్లు కూర్చుంది. నిపుణులు ముగ్గురు ఎవరికివారు చదివి, తర్వాత ఒక మాటకొచ్చి, నూటికి మార్కులేస్తారు. ఆలోచనలో పసకి సగం బరువు, దానివల్ల ఒరిగేదానికి ముప్ఫై, పని నడిపే తీరుకి ఇరవై.

మొదటిసారి 2023లో పెట్టింది. రాలేదు. ‘మొదటిసారి ఎవరికీ రాదక్కా’ అని అదే నాకు ధైర్యం చెప్పింది. రెండోసారి, 2025 ఫిబ్రవరిలో, నూటికి 88.4 వచ్చాయి. అప్పుడూ రాలేదు!

మా నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. 88 అన్న మాట వినగానే ముఖం వెలిగిపోయింది. ‘డిస్టింక్షనే కదమ్మా!’ అన్నారు. కాదు నాన్నా, రాలేదు అంటే, కాసేపు పైకప్పు వంక చూసి, ‘రీవాల్యుయేషన్ పెట్టొచ్చుగా?’ అన్నారు. అందరం నవ్వాం. చెల్లి కూడా నవ్వింది. విచిత్రమేంటంటే, అలాంటిది నిజంగానే ఉంది. ముప్ఫై రోజుల్లోగా పునఃపరిశీలన అడగొచ్చు. అయితే మదింపు పద్ధతి ప్రకారం జరిగిందా లేదా అన్నదే చూస్తారు. మార్కులు సబబుగా వేశారా అన్నది మాత్రం చూడరు. ‘అలాంటప్పుడు అదెందుకు?’ అని నాన్న ఇప్పటికీ సణుగుతుంటారు.

తర్వాత ఆయనే కాగితం తీసుకుని లెక్క కట్టారు. ఆ విడతలో వచ్చిన దరఖాస్తులు 10,360. ఇచ్చినవి 1,696. అంటే ఆరుగురిలో ఒకరికి. ఆ ఆరుగురూ పీహెచ్‌డీ చేసినవాళ్లే, తలా ఒక ప్రొఫెసరును ఒప్పించుకుని వచ్చినవాళ్లే. మా ఇళ్లల్లో అర్థం కాని కీలకం ఇదేనని నాకనిపిస్తుంది. మనకి తెలిసిన పరీక్షలో 35 దాటితే పాసు. ఇక్కడ పాసు మార్కు దాటినా చాలదు. డబ్బు ఎక్కడ అయిపోతే అక్కడే గీత. 88 వచ్చినవాళ్లు తప్పినట్టు కాదు, వాళ్ల దాకా డబ్బు రాలేదు. నాన్న ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, ‘ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో 88 వచ్చిన పిల్లల్ని ఒక్కర్నీ ఓదార్చలేదే నేను’ అన్నారు. చెల్లి లేచి గదిలోకి వెళ్లిపోయింది. అంతవరకూ అది ఏడవలేదు.

85 దాటి కూడా డబ్బు అందనివాళ్లకి ‘సీల్ ఆఫ్ ఎక్సలెన్స్’ అని ఓ ధ్రువపత్రం ఇస్తారు. అమ్మ దాన్ని ఫ్రేము కట్టిద్దామంది. చెల్లి ఒప్పుకోలేదు. నిజానికి అది ఉత్త కాగితమేం కాదు. ఇలా మంచి మార్కులతో ఆగిపోయినవాళ్లకి కొన్ని దేశాలు తమ డబ్బుతో అవకాశం ఇస్తాయి. ఆతిథ్యమిచ్చే సంస్థ పోర్చుగల్, పోలండ్, చెక్ లాంటి చోట్ల ఉంటే, అదే దరఖాస్తుతో ఈఆర్‌ఏ ఫెలోషిప్ అనే రెండో తలుపు తట్టొచ్చు. దరఖాస్తు పెట్టేటప్పుడే దానికీ సరేననాలి. మా చెల్లి ప్రొఫెసరేమో స్పెయిన్! ఆ జాబితాలో స్పెయిన్ లేదు. ఇంట్లో ఎవరైనా ఈ దారిలో ఉంటే, దేశం ఎంచుకునే రోజే ఈ సంగతి చూసుకోమనండి.

ఫలితంతోపాటు ఒక నివేదిక వస్తుంది. బలాలు ఇవి, బలహీనతలు ఇవి అని. దాన్ని ఆ రోజే చదవకూడదని ఇప్పుడు మా చెల్లి అందరికీ చెబుతుంది. కనీసం వారం ఆగాలట. ‘తగినంత వివరంగా లేదు’ అన్న ఒక్క వాక్యం ఆ రాత్రి ‘నువ్వు తగినదానివి కావు’ అని వినిపిస్తుందట. ఇంకో తమాషా చూడండి. మొదటి ఏడాది బలమని మెచ్చుకున్న అంశమే రెండో ఏడాది బలహీనత అయి కూర్చుంది. రాసింది దాదాపు అదే. చదివినవాళ్లు వేరు!

ఇదేదో మా ఇంటి గొడవ అనుకున్నాను. కాదు. అమెరికాలో పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. ఆ దేశపు ఆరోగ్య పరిశోధన సంస్థకు వచ్చిన 25 దరఖాస్తులను 43 మంది నిపుణుల చేత మళ్లీ మదింపు చేయించారు. ఒకే దరఖాస్తు గురించి వాళ్ల మధ్య పొంతనే కుదరలేదని 2018లో తేల్చారు. మరీ నాసిరకం దరఖాస్తును అందరూ గుర్తుపడతారు. చిక్కంతా అన్నీ బాగున్నప్పుడే. స్విట్జర్లాండ్‌లోని జాతీయ సైన్స్ ఫౌండేషన్ ఈ సంగతి పైకే ఒప్పుకుంది. తేడా చెప్పలేనంత దగ్గరగా ఉన్న దరఖాస్తుల మధ్య చీటీలు తీయడాన్ని ముందు పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌లలోనే ప్రయోగించి చూసింది. 2021 నుంచి మిగతా పథకాలకీ ఆ వీలు కల్పించింది. మన ఊళ్లో చీటీల పాట అంటే చిన్నచూపు గానీ, 88కీ 91కీ మధ్య గీత గీసి, పైవాళ్లు ప్రతిభావంతులు, కిందివాళ్లు కారు అని నమ్మించడంకంటే అదే నిజాయతీ అనిపిస్తుంది నాకు.

ఇక ఓదార్పులు! మా పెద్దమ్మ ఫోన్ చేసి అబ్దుల్ కలాం గారి కథ చెప్పింది. ఎనిమిది పైలట్ ఉద్యోగాలుంటే ఆయనకి తొమ్మిదో స్థానం వచ్చిందని. బాబాయి యల్లాప్రగడ సుబ్బారావు గారిని తీసుకొచ్చాడు. హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం ఇవ్వకపోయినా అంతటివాడయ్యాడని. అన్నీ నిజాలే, మంచి మనసుతో చెప్పినవే. అయినా వినేవాళ్లకి అవి దిగవు. గొప్పవాళ్లయిపోయారు కాబట్టే ఆ కథలు మనదాకా వచ్చాయి. ‘ఇంత మంది ఇన్ని కథలు చెప్పారు. నువ్వు అసలు వరి వేరు మీద ఏం చేస్తున్నావే అని ఒక్కరూ అడగలేదక్కా’ అంది మా చెల్లి.

2010లో మెలనీ స్టెఫాన్ అనే యువ శాస్త్రవేత్త ‘నేచర్’ పత్రికలో ఒక సలహా ఇచ్చింది. ఆమె కూడా అప్పుడు ఫెలోషిప్‌ల వెంట తిరుగుతున్న మనిషే. గెలుపుల బయోడేటా అందరికీ ఉంటుంది, ఓటముల బయోడేటా కూడా రాసుకుందాం, పక్కవాళ్లకి చూపిద్దాం అని. నెగ్గిన ప్రతి గంట పని వెనకా ఓడిన గంటలు ఆరున్నాయని ఆమె లెక్క. 2016లో ప్రిన్స్‌టన్ ప్రొఫెసరు యోహానెస్ హౌషోఫర్ తన ఓటముల జాబితా నిజంగానే బయటపెడితే ప్రపంచమంతా తిరిగింది. మంచిదే. అయితే చిన్న మెలిక. ఓటముల జాబితా ధీమాగా బయటపెట్టడానికి ప్రిన్స్‌టన్ ఉద్యోగం ఒకటి చేతిలో ఉండాలి! ల్యాబ్‌లో ఒప్పందం జూన్‌తో ముగిసిపోయే అమ్మాయికి ఆ ధీమా ఎక్కడిది?

వయసు సంగతీ ఉంది. మన దేశంలో నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్‌కి గరిష్ఠ వయసు 35 ఏళ్లు. మహిళలకి మరో అయిదేళ్ల సడలింపు ఉంది. క్యూరీ ఫెలోషిప్‌కైతే పీహెచ్‌డీ తర్వాత ఎనిమిదేళ్ల పరిశోధన అనుభవమే హద్దు. ‘మళ్లీ పెట్టు’ అనడం మనకి తేలిక. ఆ ఒక్క మాటలో ఇంకో ఏడాది అద్దె, ఇంకో ఏడాది పెళ్లి వాయిదా, మూడు నెలల రాత్రిళ్లు ఉన్నాయి. మళ్లీ పెట్టకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. నెదర్లాండ్స్‌లో యువ పరిశోధకుల నిధుల మీద ఒక అధ్యయనం జరిగింది. గీతకి కాస్త పైన ఉండి గెలిచినవాళ్లు, కాస్త కింద ఉండి ఓడినవాళ్లు ప్రతిభలో దాదాపు సమానం. కానీ తర్వాతి ఎనిమిదేళ్లలో గెలిచినవాళ్లకి రెట్టింపుకు మించి నిధులు వచ్చాయి. దానికో కారణం, ఓడినవాళ్లు మళ్లీ దరఖాస్తు పెట్టడమే తగ్గించేయడం.

చెల్లి మూడోసారి పెట్టింది. 2025 సెప్టెంబరులో. వాలెన్సియాలో పనిచేసే ఒక సీనియర్‌తో చదివించుకుంది, నివేదికలోని ప్రతి బలహీనతకీ జవాబు రాసింది. తీరా గడువు ముగిశాక తేలిన సంఖ్య 17,058! ఒక్క ఏడాదిలో 65 శాతం దాకా పెరిగాయి. నిధి మాత్రం 417 మిలియన్ యూరోల నుంచి 404 మిలియన్లకు తగ్గింది. నాన్న ఈసారి కాగితం తీయలేదు. 2026 ఫిబ్రవరిలో ఫలితం వచ్చింది. మార్కులు 91. నిరుటికంటే పెరిగాయి. రాలేదు.

ఆ రోజు అమ్మ పులిహోర చేసింది. ఎందుకని అడిగితే, ‘91 వచ్చాయిగా’ అంది. మా అమ్మ చదివింది ఏడో తరగతి. వచ్చిన ఓదార్పులన్నింటిలో చెల్లికి పనికొచ్చింది అదొక్కటే అనుకుంటా. రెండుసార్లు వడ్డించుకుని తింది.

ఏప్రిల్‌లో హైదరాబాద్ శివార్లలో ఒక విత్తనాల కంపెనీలో చేరింది. మంచి జీతం, నెల మొదటి తారీఖునే పడుతుంది. బంధువులందరి ఫోన్లూ మళ్లీ మోగాయి, ఈసారి అభినందనలతో. ‘హమ్మయ్య, సెటిలైంది’ అన్నారు. పదేళ్లు చేసిన పనిని వదిలి వస్తే అందరూ హమ్మయ్య అంటున్నారు, వింతగా ఉందక్కా అంది. బాధగా ఉందా అని అడిగాను. ‘కొన్ని రోజులు ఉంటుంది, కొన్ని రోజులు గుర్తే రాదు’ అంది. కంపెనీలోనూ వరే. ఉప్పు నేలలు ఇప్పటికి వాళ్ల జాబితాలో లేవట. అడుగుతానంటోంది.

తన పాత ల్యాబ్‌లో జూనియర్ అమ్మాయి ఒకతె 2026 సెప్టెంబరు గడువుకు సిద్ధమవుతోంది. చెల్లి తన మూడు దరఖాస్తులూ, మూడు నివేదికలూ ఆ పిల్లకి ఇచ్చేసింది. మొన్న ఆదివారం నేను వెళ్లేసరికి ఆ అమ్మాయి రాసిన పది పేజీలు ముందేసుకుని ఎర్ర పెన్నుతో దిద్దుతోంది. అన్నం చల్లారిపోతోంది, రావే అంటే, ‘ఇంకో రెండు పేజీలక్కా’ అంది.