గవాక్షం మీది భారం

ధర్మశబ్దానికి ‘ధృఞ్’ ధాతువు మూలం. ధరించడం, పడిపోకుండా పట్టి నిలపడం దాని అర్థం. ఈ నిర్వచనం విననివారు అరుదు. అయితే లోకంలో ధరింపబడేది కనబడినంత సులభంగా ధరించేది కనబడదు. బృహదారణ్యకోపనిషత్తు తృతీయాధ్యాయంలో గార్గి యాజ్ఞవల్క్యమహర్షిని వదలక అడిగినది దీనినే. ఇదంతా దేనియందు ఓతప్రోతమై ఉన్నదని ఆమె ప్రశ్న. ఆకాశమునందని ఆయన చెప్పగా, ఆ ఆకాశం మరి దేనియందని తిరిగి అడిగింది. అక్షరమే సర్వాధారమని, సూర్యచంద్రులు, ద్యావాపృథివులు దాని ప్రశాసనంలోనే నిలిచి ఉన్నాయని మహర్షి ఉపదేశం.

ఈ ఆధారవిచారం ఒక గృహస్థునకు గ్రంథపఠనం వలన గాక వడ్రంగం వలన కలిగింది.

తెనాలి ప్రాంతంలోని ఒక వైదికకుటుంబంలో జన్మించిన ఆయన ముప్పై ఏళ్లకు పైగా అమెరికాలో ఉద్యోగం చేసి విరమించాడు. నార్త్ కరోలినా రాష్ట్రంలో, బ్లూ రిడ్జ్ పర్వతాల చెంత, 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల పాత చెక్కకుటీరాన్ని కొన్నాడు. శేషజీవితంలో కొంతకాలమైనా అక్కడ జపధ్యానాలతో గడపాలని సంకల్పం. తూర్పుగోడకు గవాక్షం లేదు. ప్రాతఃసంధ్యవేళ సూర్యబింబం కనబడేలా 4 అడుగుల కిటికీ తెరవాలని, గ్రంథాలకు ఒక అటక కట్టాలని తలచాడు. తోడుగా ఆ ఊరి వృద్ధుడైన వడ్రంగిని పిలుచుకున్నాడు.

అక్కడి చెక్కయిళ్ల గోడ మన ఇటుకగోడ వంటిది కాదు. పదహారేసి అంగుళాల దూరంలో నిలువు కర్రలు వరుసగా నిలిచి ఉంటాయి. పైకప్పు వాసాలు ఆ గోడపై ఆనుతాయి. శీతకాలంలో పడే మంచు బరువు కూడ వాసాల గుండా ఆ కర్రలలోనికి, వాటి గుండా పునాదిలోనికి దిగుతుంది. నాలుగడుగుల కిటికీ కావాలంటే మూడు కర్రలను ఖండించక తప్పదు.

గృహస్థు రంపం అందుకోబోగా వడ్రంగి వారించాడు. “కర్ర తీసివేయవచ్చు. దాని మీది బరువును తీసివేయలేవు. అది ఎక్కడికి పోవాలో ముందు చూపించు” అన్నాడు.

ఆ బరువును స్వీకరించేదే కిటికీ నెత్తిన అడ్డంగా అమర్చే దూలం. అక్కడి పనివారు దానిని హెడర్ అంటారు. మన మేస్త్రీలు చెప్పే లింటెల్ చేసే పనే అది చేస్తుంది. ఒకటిన్నర అంగుళాల మందం గల రెండు పలకల నడుమ అరంగుళపు ప్లైవుడ్ చేర్చితే మూడున్నర అంగుళాలై, గోడ మందంతో సరిపోతుంది. ఆ పలకలను పడుకోబెట్టరు, అంచుపై నిలబెడతారు. దూలం ఎత్తు రెట్టింపైతే వంగకుండా నిలిచే బిగువు ఎనిమిది రెట్లవుతుంది. ఖండించిన కర్రలు మోసిన భారాన్ని ఈ దూలం ఇరువైపులా ఉన్న పొట్టి కర్రలకు పంచి అప్పగిస్తుంది. ఇది బలహీనమైతే కుంగుతుంది, కిటికీ తలుపు బిగుసుకుంటుంది, అద్దం పగులుతుంది. సక్రమంగా ఉంటే పైపలకల వెనుక మరుగున పడుతుంది. వెలుగును చూచినవాడు దూలాన్ని చూడడు.

అటకది మరొక పాఠం. దాని దంతెల కొసలకు ఆధారంగా గోడకు అడ్డంగా బిగించే పలకను లెడ్జర్ అంటారు. దానిని పైపలకకు మాత్రమే కొట్టితే నిలువదు. పైపలకను దాటి, లోపలి నిలువు కర్రలోనికి దిగేలా బోల్టులతో బిగించాలి. మేకులను మాత్రమే నమ్మరాదు. ఋతువులు మారేకొద్దీ కర్ర తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకొని మేకు పట్టును సడలిస్తుంది. తైత్తిరీయోపనిషత్తు అన్నమయాది కోశాలను ఒక్కొక్కటిగా దాటించి లోపలి ప్రతిష్ఠను చూపడంలోని ఆంతర్యం ఆ గృహస్థునకు అక్కడ స్ఫురించింది. కోశం మీద ఆనినది కోశంతోపాటే సడలుతుంది.

వడ్రంగి మాట ఆయనను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. తండ్రి గతించినప్పుడు ఆయనకు పన్నెండేళ్లు. అన్నగారు వేదపాఠశాలలో క్రమపాఠం మధ్యలో విడిచివచ్చి, గ్రామాలయ అర్చకత్వం స్వీకరించాడు. చెల్లెళ్ల వివాహాలు చేశాడు. తమ్ముని చదువుకై ఉన్న రెండెకరాలు అమ్మాడు. ఆ గోడలో తనకొక గవాక్షం తెరవబడింది. దాని గుండా వచ్చిన వెలుగులో తాను సముద్రాలు దాటాడు. తన వంతుగా దిగవలసిన భారం మాయమైపోలేదు. అది మరొకరి నెత్తిన చేరి, పూజామందిరంలో అలంకరణ వెనుక గోడవలె, ఇన్నేళ్లు మరుగున ఉండిపోయింది.

మరునాడు ఆయన ఫోన్ చేశాడు.

“అన్నయ్యా, ఇంట్లో నా భాగం నీ పేర వ్రాసి పంపుతాను.”

అవతల కొంతసేపు మౌనం. “భాగం మాట ఎందుకురా ఇప్పుడు? అమ్మను విడిచి ఒక్క రాత్రి బయట పడుకొని పదకొండేళ్లయింది. ఒంట్లో ఓపిక ఉండగా గయ వెళ్లి నాన్నగారికి పిండం వేసి, కాశీలో నాలుగు రోజులుండాలని ఉంది. నువ్వు వచ్చి రెండు నెలలు అమ్మ దగ్గర ఉండగలవా?”

పాత గోడలో కొత్త దూలం వేసేటప్పుడు ముందుగా గోడకు లోపలివైపు ఊతకర్రలు నిలిపి, వాసాల భారాన్ని వాటిపైకి తీసుకుంటారు. ఆ ఊత నిలిచిన తరువాతే రంపం పడుతుంది. అన్నగారు అడిగినది ధనం కాదు, భూమి కాదు, అటువంటి ఊత. తూర్పుగోడను కోయకుండానే కుటీరానికి తాళం వేసి ఆయన స్వగ్రామానికి ప్రయాణమయ్యాడు. తొంభై దాటిన తల్లికి పొద్దున లేవడానికి చేయి అందించడం, మందులు వేళకు ఇవ్వడం, రాత్రి ఆమె దగ్గినప్పుడల్లా లేవడం వారంలోనే అలవాటయ్యాయి. అన్నగారు ఎన్ని వేల రాత్రులు ఇలా లేచి ఉంటాడో ఆయనకు అప్పుడు లెక్కకు వచ్చింది.

ఋణవిముక్తి అంటే వెల కట్టి చెల్లించడమే అనుకోవడం లోకంలో సామాన్యం. దేవ ఋషి పితృ ఋణాలను శాస్త్రం చెప్పినప్పుడు యజ్ఞం, అధ్యయనం, సంతానం అని కర్మరూపంగానే తీర్చమన్నది, ద్రవ్యరూపంగా కాదు. భుజం మోసిన భారానికి భుజమే బదులు. ఏకాంతంలో ధ్యానం చేయదలచినవాడు, ఆ ఏకాంతాన్ని తనకై ఎవరు మోస్తున్నారని ముందుగా విచారించాలి. ఆ విచారం లేని వైరాగ్యం, దూలం లేకుండా తెరిచిన కిటికీ వంటిది. మొదటి హేమంతంలో వెలుగు బాగానే వస్తుంది. మంచు పేరుకున్న నాడు కప్పు కుంగుతుంది.