గంటకు వెల

నాడి చూచి మందిచ్చిన వైద్యుడు రుసుము గైకొనుట ఎవరికిని వింత కాదు గాని, ఒకరి దుఃఖమును గంటసేపు విని చేతికేమియు ఈయక పంపు మనోవైద్యుడు సొమ్మడిగినచో మనకింత సంకోచమేల యని తరచు తలపోయుచుందును. పెండ్లి నిశ్చయమై నాలుగేండ్లు కావచ్చినను సంసారమునకు చాలిన రాబడి లేక, 1886 ఏప్రిల్ 25వ తేదీన, అదియును ఈస్టరు ఆదివారమునాడు, వియన్నాలో సొంతముగా వైద్యవృత్తి నారంభించిన ఫ్రాయిడునకు అట్టి సంకోచమునకు తావు లేకుండెను. తొలినాళ్లలో రోగులను పంపినవాడును, అప్పిచ్చి ఆదుకొన్నవాడును పెద్ద వైద్యుడైన బ్రాయరే.

రోగి తనకు కేటాయించిన గంటకు వచ్చినను రాకున్నను రుసుము చెల్లింపవలయుననియు, సంగీతోపాధ్యాయుల పద్ధతియు ఇదియే యనియు 1913లో ఫ్రాయిడు నిర్మొహమాటముగా వ్రాసెను. కఠినమైన మాటయే, అయినను, పదేండ్లపాటు దినమున కొకటి రెండు గంటలు ఉచితముగా చికిత్స చేసి చూచిన పిమ్మట పలికినది గనుక త్రోసిపుచ్చజాలను. సొమ్మీయక చికిత్స పొంది ఋణపడినవాడు వైద్యునిపై కోపము వచ్చినను మ్రింగుకొనును. మ్రింగిన కోపమే గదా చాలమందిని మనోవైద్యుని గదికి చేర్చునది!

నాకు అంతకంటె చిత్రముగా తోచునది వేరొకటి: రోగి స్వస్థుడై సెలవు గైకొన్న దినముననే వైద్యుని రాబడిలో ఒక గంట ఖాళీ పడును, ఆ ఖాళీనే కోరి పనిచేయువానికి గది యద్దె కట్టుటయు తప్పదు, ఆ యద్దెను రోగి యెదుట తలపకుండుటయు తప్పదు.