పై వాటా

గ్రీన్ కార్డు వచ్చిన ఏడాది ఇల్లు కొందామనుకున్నాం. మూడు వాటాల ఇల్లు. ఒకదాంట్లో మేముండి, మిగతా రెండూ అద్దెకిస్తే లోను చాలావరకు వాటితోనే తీరుతుంది. అమెరికాలో దీన్ని హౌస్ హ్యాకింగ్ అంటున్నారు. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఓనరుగారు ఆ పేరు తెలియకుండానే ఇదే పని చేశారు.

మసాచుసెట్స్‌లో ఇలాంటివి బోలెడు. మిల్లు కార్మికుల కోసం వందేళ్ళ కిందట కట్టిన మూడంతస్తుల చెక్క ఇళ్ళు, ట్రిపుల్ డెక్కర్లు. ఏ ఊళ్ళో కొనాలన్నదే తేలలేదు. ఎఫ్‌హెచ్‌ఏ లోనుకి చేతిలో 3.5 శాతం ఉంటే చాలు. కానీ మూడు వాటాలైతే ఓ మెలిక: మనముండే వాటాతో సహా మొత్తం అద్దెలో 75 శాతం, పన్నూ ఇన్సూరెన్సూ కలిపిన కిస్తీకి సరిపోవాలి. ఆ లెక్కలో నాకిష్టమైన సోమర్‌విల్ ఎగిరిపోయింది. వూస్టర్ నిలబడింది. బోస్టన్‌కి రైలు కూడా ఉంది.

అక్కడ నచ్చిన ఇంటి పై వాటాలో ఓ కుటుంబం ఉంటోంది. వాళ్ళ పాప కిటికీ అంచు పట్టుకుని మమ్మల్నే చూస్తోంది. 1978కి ముందు కట్టిన ఇళ్ళ రంగుల్లో సీసం ఉండొచ్చు. ఆ రంగు రాలి దుమ్మయితే పిల్లల మెదడుకి చేటు. ఆరేళ్ళలోపు పిల్లలుంటే ఆ ప్రమాదం లేకుండా చేయించడం ఓనరు బాధ్యత. ఏజెంటు గొంతు తగ్గించి, “వాళ్ళది నెలనెలా అద్దే. ఖాళీ చేయించడం తేలిక,” అన్నాడు. సీసం ఖర్చు తప్పించుకోడానికి పిల్లలున్నవాళ్ళని పంపించేయడం ఇక్కడ చట్టవిరుద్ధం. ఆ సంగతి అతనికీ తెలుసు.

మా ఓనరుగారు పొద్దున ఆరింటికి మోటారు వేసి, ఆరుంబావుకి కట్టేసేవారు. బిందెలు నిండకపోతే అమ్మ మెట్లు దిగి వెళ్ళి, “ఇంకో అయిదు నిముషాలు ఉంచండి బాబాయిగారూ,” అని అడిగేది. మాతో ఎప్పుడూ వాడని గొంతు అది.

ఈ లోనుతో కొంటే కనీసం ఏడాదైనా ఆ ఇంట్లోనే ఉండాలి. ఊరు ఎంచుకుంటున్నాననుకున్నాను గానీ, రోజూ మెట్ల మీద ఎవరికి ఎదురుపడతానో కూడా ఎంచుకుంటున్నానని తట్టలేదు.

సీసం పని ఖర్చు ఎక్సెల్‌లో చేర్చాను. లెక్క తప్పింది. ఆ మేరకు ధర తగ్గించమంటూ ఆఫర్ పంపాం. ఇంకా జవాబు రాలేదు.